మిఠాయి రంగులతో ఊలు అద్దకం

ఏరా, ఎలా ఉన్నావ్?

తెల్ల ఊలుకి మిఠాయి రంగు పడుతుందా అని అడిగావుగా. పడుతుంది, గట్టిగానే పడుతుంది. ముందు అది నిజం ఊలో కాదో చూసుకో. ఆక్రిలిక్‌ని ఎంతసేపు కాచినా రంగు నీళ్లలోనే మిగిలిపోతుంది, నూలు దారమూ అంతే. ఊలు, పట్టు, నైలాన్‌లకే ఇది అంటుతుంది. లేబుల్ లేకపోతే చిన్న ముక్క కాల్చి చూడు. ఊలైతే జుట్టు కాలిన వాసనొచ్చి, నలిపితే పొడైపోతుంది. ఆక్రిలిక్ కరిగి గట్టి గడ్డవుతుంది.

ఊలు బంతిని అలాగే ముంచకు, లోపలికి రంగు వెళ్లదు. చిలపగా, అంటే వదులైన పెద్ద చుట్టగా చుట్టి నాలుగు చోట్ల వదులుగా కట్టు. బిగిస్తే ముడి కింద తెల్లగా ఉండిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి అరగంట నానబెట్టు. పొడి ఊలు నీటిని తోసేస్తుంది, అందుకే నానని చోట మచ్చలు మిగులుతాయి.

100 గ్రాముల ఊలుకి రెండు లీటర్ల నీళ్లు, అర కప్పు తెల్ల వెనిగర్ చాలు. వెనిగర్ లేకపోతే ఒక పెద్ద చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వెయ్యి. గిన్నె స్టీలుదే వాడు, అల్యూమినియాన్ని పులుపు తినేస్తుంది. పావు గ్రాము రంగు పొడికి లేత రంగొస్తుంది, గ్రాముకి ముదురు. కానీ పొట్లం పొట్లానికీ గాఢత మారుతుంది కాబట్టి ముందు చిన్న ముక్క మీద వేసి చూడు. పొడిని వేడినీళ్లలో పూర్తిగా కరిగించి వడకట్టాకే గిన్నెలో పొయ్యి. కొందరు ఉప్పు వేయమంటారు. ఊలుకి దాంతో పని లేదు, రంగుని పట్టించేది పులుపూ వేడీ.

అంతటా ఒకే రంగు కావాలంటే పులుపు లేకుండా రంగునీళ్లలో ఊలు వేసి, సన్నని సెగ మీద మెల్లగా వేడెక్కించు. పది నిమిషాలయ్యాక చిలపని పైకెత్తి సగం వెనిగర్ పొయ్యి, కాసేపాగి మిగతాది. మరకలు మరకలుగా కావాలంటే పులుపు ముందే వేసి, రంగుని పైనుంచి అక్కడక్కడా చల్లు, పడ్డచోటే పట్టేస్తుంది. ఎలా చేసినా 85 డిగ్రీల దగ్గర, అంటే ఆవిర్లు వస్తూ తెర్లకుండా, అరగంట ఉంచు. చెంచాతో నీళ్లు తీసి చూస్తే తేటగా ఉండాలి, రంగంతా ఊలెక్కిందనడానికి అదే గుర్తు. ఇంకా రంగు కనబడితే మరో చెంచా వెనిగర్ పోసి పది నిమిషాలు ఆగు.

తెర్లించకు, గరిటెతో కలపకు, వేడి ఊలుని చన్నీళ్ల కింద పెట్టకు. ఊలు పోగు మీద సన్నని పొలుసులుంటాయి, అవి వేడిలో విచ్చుకుని, కదిపితే ఒకదానికొకటి చిక్కుకుంటాయి. అట్ట కట్టిందంటే ఇక విడదీయలేవు. గిన్నెలోనే పూర్తిగా చల్లారనిచ్చి, అంతే వేడున్న నీళ్లలో జాడించి, పిండకుండా తువ్వాలులో అదిమి నీడన ఆరెయ్యి. ఎండలో ఈ రంగులు వెలుస్తాయి, అల్లాక కూడా ఎండలో వదలకు.

నువ్వు అడిగిన ఊదా రంగే అన్నిటికన్నా మొండిది. ఎరుపూ నీలమూ కలిపి పోస్తే ఎరుపు ముందు పరుగెత్తి ఊలుని పట్టుకుంటుంది. నీలానికి ఎక్కువ పులుపు, ఎక్కువ సేపు కావాలి, అందుకని ఒకచోట గులాబీ, ఒకచోట నీలం తేలతాయి. అలా విడిపోవడం చాలా అందంగానే ఉంటుంది, కావాలంటే పులుపు తగ్గించి ఇంకా విడగొట్టచ్చు. ఒకే ఊదా కావాలంటే మాత్రం ముందు నీలం ఒక్కటే వేసి నీళ్లు తేరేదాకా ఉంచు, చల్లారాక ఎరుపు వెయ్యి. ఆ ఎరుపు సీసా మీద ఎరిత్రోసిన్ అని ఉందేమో చూడు. అది పులుపులో కరగదు, రేణువులై ఊలు మీద కూర్చుంటుంది. కార్మోయిసిన్ గానీ పాన్సో 4ఆర్ గానీ అని రాసున్న ఎరుపు వాడు.

నీ దగ్గరున్న సీసాల మీద రాసిన పేర్లన్నీ రాసి పంపరా, ఏ రెండు కలపాలో చెబుతాను.

నీ నేస్తం