పాత ఇసుక గురించి అమ్మాయికి

బరంపురం

చిరంజీవి అమ్మాయికి, నాన్న ఆశీర్వదించి వ్రాయునది. మేమిద్దరం క్షేమంగా ఉన్నాము. నీ ఉత్తరం అందింది. భువనేశ్వర్‌లో ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక పెద్దమనిషి తన ఉప్పునీటి చేపల తొట్టెలోని ఇసుకను నామమాత్రపు ధరకే ఇస్తానన్నారనీ, దానిని కడిగి నీ కొత్త తొట్టెలో వాడుకోవచ్చునా అనీ అడిగావు. వాడుకోవచ్చునమ్మా. అయితే కడిగే పని తరువాతిది. ఆ ఇసుక ఇన్నాళ్లూ ఎటువంటి నీటిలో ఉన్నదో, ఆ నీటిలో ఏ మందులు పడ్డాయో ముందు తెలుసుకోవాలి.

ఆయనను అడగవలసిన మొదటి ప్రశ్న రాగి గురించి. సముద్రపు చేపలకు తెల్లమచ్చల జబ్బు వచ్చినప్పుడు చాలామంది రాగి కలిసిన మందు వేస్తారు. మన పొలాలలో వాడే మైలుతుత్తం కూడా ఆ జాతిదే. తగు మోతాదులో చేపలు దానిని తట్టుకుంటాయి కానీ, రొయ్యలు, నత్తలు, పగడాలు అతి కొద్ది రాగికే చనిపోతాయి. ఉప్పునీటి తొట్టెలలో వేసే తెల్లని ఇసుక చాలావరకు ఆరగొనైటు, అంటే కాల్షియం కార్బొనేటు. అది నీటిలోని రాగిని పట్టి ఉంచుకొని, నెలలు గడిచాక కూడా కొంచెం కొంచెంగా విడుదల చేస్తుంది. ఎన్ని బకెట్ల నీళ్లు పోసి కడిగినా అది పూర్తిగా వదలదు. గుప్పెడు ఇసుకను శుభ్రమైన ఉప్పునీటిలో నానబెట్టి పరీక్షించి, రాగి కనబడలేదని సంతోషించడం కూడా తొందరపాటే అవుతుంది, ఎందుకంటే ఈ రోజు విడువనిది రేపు విడువవచ్చు.

రెండవది ఫాస్ఫేటు. చేపల మేత, రెట్ట ఏళ్ల తరబడి ఇసుకలోకి దిగుతూ ఉంటే, ఆ కార్బొనేటు రేణువులే ఫాస్ఫేటును కూడా పట్టుకొని ఉంటాయి. కొత్త నీటిలో వేసిన తరువాత అది మెల్లగా బయటికి వచ్చి నాచుకు మేత అవుతుంది. ఇది రాగి వంటి ప్రమాదం కాదు, ఓపికగా నీరు మారుస్తూ ఉంటే తగ్గుతుంది.

ఇసుకను తీసేటప్పుడు నీవు దగ్గర ఉండి చూడు. అద్దం పక్కనుంచి చూస్తే అడుగున నల్లని చార కనిపించినా, తవ్వినప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా, అక్కడ గాలి అందక హైడ్రోజన్ సల్ఫైడు పుట్టిందని అర్థం. అది చేపలకు విషం. ఇసుకను ఉన్నది ఉన్నట్టు తెచ్చి కొత్త తొట్టెలో కుమ్మరించకూడదు. తడి ఇసుకను మూత పెట్టిన బకెట్టులో రోజుల తరబడి ఉంచినా అంతే, దానిలోని పురుగులు, సూక్ష్మజీవులు చచ్చి అమ్మోనియా పుడుతుంది. కొద్ది కొద్దిగా తీసుకొని, నీరు తేరేవరకు కలియబెట్టి కడిగి, చివరిసారి ఆర్‌వో నీటితో జాడించి, మేడమీద పలుచగా పరచి పూర్తిగా ఎండనివ్వు. బాగా ఎండితే తెల్లమచ్చల జబ్బును కలిగించే పరాన్నజీవి కూడా బతకదు. వెనిగరులో మాత్రం నానబెట్టవద్దు, ఇసుకే కరిగిపోతుంది. ఒక చుక్క వేసి బుసబుసమని నురుగు వస్తుందో లేదో చూడడం వరకు మంచిదే, నురుగు వస్తే అది కార్బొనేటు ఇసుకేనని తెలుస్తుంది.

మీ అమ్మ గోపాల్‌పూర్ ఒడ్డున కావలసినంత ఇసుక ఉండగా కొనడమెందుకని అన్నది. ఆ ఒడ్డున అలలు వెనక్కి తగ్గినప్పుడు ఇసుకమీద నల్లని చారలు నీవు చిన్నప్పుడు చూసే ఉంటావు. అవి ఇల్మెనైటు, గార్నెట్ వంటి బరువైన ఖనిజాలు. ఛత్రపురంలో ఇసుకనుంచి వేరుచేసేది వాటినే. తొట్టె అద్దాన్ని శుభ్రం చేసే అయస్కాంతానికి ఆ నల్ల రేణువులు అంటుకుంటే, తుడిచిన ప్రతిసారీ అద్దంమీద గీతలు పడతాయి. పైగా అది చాలావరకు సిలికా ఇసుక కనుక, కార్బొనేటు ఇసుకవలె నీటి క్షారతకు ఏమాత్రం తోడ్పడదు.

ఎండిన ఇసుక నిర్జీవమైనదని గుర్తుంచుకో. అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు మళ్లీ స్థిరపడడానికి సుమారు 4 నుంచి 6 వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చేవరకు ఒక్క చేపనైనా వేయవద్దు. ఇసుక మందం 3 నుంచి 5 సెంటీమీటర్లు చాలు.

చేపల ఒంటిమీది పరాన్నజీవులను ఏరి తినే రొయ్యలను పెంచుతానని వ్రాశావు. అందుచేత నా మాట ఇది. తన తొట్టెలో ఎన్నడూ రాగి వేయలేదని ఆయన నిశ్చయంగా చెబితే ఇసుక తెచ్చుకో. గుర్తులేదంటే, తొట్టె మరొకరి దగ్గర కొన్నదంటే, ఎంత చవకగా ఇచ్చినా వద్దని చెప్పి కొత్త ఆరగొనైటు సంచి కొనుక్కో, ఆ డబ్బు నేను పంపుతాను. ఆయన ఏమన్నదీ వెంటనే వ్రాయి.

ఆశీస్సులతో,
నాన్న