లైఫ్ జాకెట్లు సీటు కింద ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీలో వచ్చిన పడవ షికార్ల కథనం గురించి రాస్తున్నాను. వచ్చి పది రోజులైంది, ఇప్పుడు రాసి ఏం లాభమని ఊరుకుందామనుకున్నా, ఆ ఫొటో మనసులోంచి పోవడం లేదు. పడవలో ఏమేం ఉండాలో కథనంలో వరసగా రాశారు. పక్కనే అరపేజీ ఫొటో వేశారు. పడవ నిండా జనం. ముందు కొసన ఇద్దరు పిల్లలు వంగి నీళ్లలో చేతులాడిస్తున్నారు. ఒక్కరి ఒంటి మీదా లైఫ్ జాకెట్ లేదు. జాకెట్లు ఎక్కడున్నాయో కూడా ఆ ఫొటోలోనే కనిపిస్తోంది. సీటు కింద, తాడుతో కట్ట కట్టి పడేశారు.

ఆ కట్ట విప్పితే ఏం బయటపడుతుందో నేను చూశాను. నిరుడు మనవరాలితో పడవ ఎక్కి, జాకెట్ ఇస్తేగానీ కదలనివ్వనని పట్టుబట్టాను. సరంగు విసుక్కుంటూ ముడి విప్పాడు. మొదటిదానికి బకిల్ లేదు. రెండోదాని బెల్టు తెగిపోతే ప్లాస్టిక్ దారంతో ముడేశారు. మూడోది పెద్దవాళ్లది, దాన్నే పాపకు తొడిగాడు. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూశాను. జాకెట్ పాప చెవుల దాకా లేచింది. నీళ్లలో పడితే జాకెట్ పైన తేలుతుంది, పాప కిందికి జారిపోతుంది. పిల్లల జాకెట్ వాళ్ల బరువుకు తగ్గది కావాలి, కాళ్ల మధ్య నుంచి బిగించే పట్టీ ఉండాలి. ఇదంతా చెబితే "ఏం కాదండీ, నీళ్లు నిలకడగానే ఉన్నాయిగా" అన్నాడు. మేం దిగిపోయాం. మిగతావాళ్లంతా అలాగే కూర్చుని వెళ్లిపోయారు.

అమెరికా తీర రక్షక దళం విహార పడవల ప్రమాదాల లెక్కలు ఏటా బయటపెడుతుంది. మునిగి చనిపోయినవాళ్లలో నూటికి ఎనభై మందికి పైగా జాకెట్ వేసుకోనివాళ్లేనని ఏళ్లుగా అవి చెబుతూనే ఉన్నాయి. పడవ తిరగబడ్డాక నీళ్లలో జాకెట్ వెతికి తొడుక్కోవడం గజ ఈతగాడికీ కష్టమే. మీరేమో "లైఫ్ జాకెట్లు" అని ఒక్క మాట రాసి వదిలేశారు. అన్నీ ఒకటి కావు కదా! జాకెట్ మనిషిని నీళ్లలో పైకి తేల్చే బలాన్ని న్యూటన్లలో కొలుస్తారు. 50 న్యూటన్ల రకం ఈత వచ్చి, స్పృహలో ఉన్నవాళ్లకు ఆసరా మాత్రమే. స్పృహ తప్పిన మనిషిని వెల్లకిలా తిప్పాలంటే కనీసం 100 ఉన్నది కావాలి, ఒడ్డుకు దూరంగా పోయేవాళ్లకు 150. గాలితో ఉబ్బే రకమైతే లోపలి గ్యాస్ సిలిండర్ ఒక్కసారికే పనికొస్తుంది. కొత్తది బిగించకపోతే రెండోసారి దానంతటది ఉబ్బదు. జాకెట్‌కు ఈల కట్టి ఉండాలి. నీళ్లు మింగిన మనిషి గొంతు ఎంతోదూరం వినబడదు.

మీ కథనంలో అసలే లేనిది ఇంజిన్ ఆపే తాడు. మోటారు బోటు నడిపేవాడు దాన్ని కాలికో చేతికో తగిలించుకోవాలి. అతను నీళ్లలోకి విసిరేసినట్టు పడితే తాడు రెండో కొస ఇంజిన్ స్విచ్ నుంచి ఊడి ఇంజిన్ ఆగిపోతుంది. అది లేకపోతే నడిపేవాడు లేని బోటు గుండ్రంగా తిరిగి, పడ్డవాడి మీదికే వస్తుంది. కింద తిరిగే రెక్కలు ఏం చేస్తాయో రాయడానికి చెయ్యి రావడం లేదు. 26 అడుగుల లోపు బోట్లు వేగంగా పోయేటప్పుడు ఈ ఏర్పాటు వాడి తీరాలని అమెరికాలో 2021 ఏప్రిల్ 1 నుంచి చట్టమే ఉంది. మామూలు తాడు ముక్కే కదా, దాన్ని స్టీరింగుకు చుట్టి వదిలేస్తున్నవాళ్లను నేను చాలామందిని చూశాను.

నిప్పు ఆర్పే సిలిండర్ సంగతీ అంతే. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, పడవ అడుగున చేరి కూర్చుంటుంది. ఇంజిన్ గది మూసి ఉండే బోట్లలో స్టార్ట్ చేసే ముందు ఫ్యాను వేసి నాలుగు నిమిషాలైనా ఆ ఆవిరి బయటికి పంపాలి. మంట లేస్తే నీళ్లు పోయకూడదు, మండే పెట్రోలు వాటి మీద తేలుతూ ఇంకా పాకుతుంది. అలాంటప్పుడు సిలిండర్ తాళం వేసిన పెట్టెలో ఉంటే ఎవరికి ఉపయోగం?

తనిఖీ అధికారులను అడగాల్సింది ఇదే. వచ్చినప్పుడు జాకెట్లు లెక్కపెడతారు, కాగితం మీద టిక్కు పెడతారు, వెళ్లిపోతారు. ఒక్క బకిల్ పెట్టి చూడరు. నిప్పు ఆర్పే సిలిండర్ మీటరు ముల్లు పచ్చ గీత దగ్గరుందో లేదో వంగి చూడరు. ప్రమాదం జరిగితే మాత్రం మర్నాటికల్లా అన్ని పడవలూ ఆపేస్తారు, విచారణ సంఘం వేస్తారు, నెల తిరిగేసరికి మళ్లీ అదే కట్ట, అదే సీటు కింద. హెల్మెట్ల విషయంలోనూ ఇదే చూశాం, లిఫ్టుల విషయంలోనూ ఇదే చూస్తున్నాం. చూసి సంతకం పెట్టే పద్ధతే పోయింది. జాకెట్ తొడుక్కోనివాళ్లు ఒక్కరున్నా పడవ కదలకూడదని ఆర్డరు వేసి, రేవులో ఒక మనిషిని నిలబెడితే చాలు. దానికి పెద్ద బడ్జెట్టు అక్కర్లేదు.

మీ పత్రికకూ ఒక విన్నపం. పిల్లల బరువుకు ఏ కొలత జాకెట్ సరిపోతుందో, దాన్ని ఎలా లాగి చూడాలో ఈసారి బొమ్మతో వేయండి. ఆ ముందు కొసన ఉన్న పిల్లల ఫొటో మాత్రం దయచేసి మళ్లీ వాడకండి.

ఇట్లు,
మీ పాఠకుడు