మొదటి గంట పాలకు వార్డులో బాధ్యులెవరు?

సంపాదకులు గారికి,

గత నెలలో నా చెల్లెలి కూతురికి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సిజేరియన్ అయి ఆడపిల్ల పుట్టింది. ఆపరేషన్ జరిగిన నాలుగు గంటలకు నేను వెళ్లేసరికి బిడ్డ పొత్తిళ్లలో గుక్కపట్టి ఏడుస్తోంది, తల్లి వెల్లకిలా పడుకొని కళ్లనీళ్లు పెట్టుకుంటోంది, మా చెల్లెలి చేతిలో పాలడబ్బా తెమ్మని రాసిచ్చిన చీటీ ఉంది. డ్యూటీలో ఉన్న నర్సును అడిగితే, "ఈమెకు ఇంకా పాలు పడలేదమ్మా, అందాకా డబ్బాపాలు పట్టండి" అని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో బాలింతల వార్డులో ముప్పై ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని కనుక, ఈ పని ఆమెకు ఎవరూ దగ్గరుండి నేర్పలేదని చూడగానే తెలిసింది.

పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలని, ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కరలేదని పరీక్షలో రాయని నర్సింగ్ విద్యార్థిని ఉండదు. కానీ "పాలు పడలేదు" అన్న మాటకు అర్థమేమిటో ఆ జవాబులో ఉండదు. మొదటి రెండు మూడు రోజులు ఏ తల్లికైనా వచ్చేవి చిక్కని కొద్దిపాటి ముర్రుపాలే. మొదటి రోజు బిడ్డ పొట్టలో ఒక విడతకు పట్టేది కూడా ఇంచుమించు ఒక టీ చెంచాడే. బిడ్డ చీకుతున్న కొద్దీ పాలు ఊరతాయి. ఈలోగా సీసాతో పొట్ట నింపితే బిడ్డ నిద్రపోతుంది, రొమ్ము పట్టదు, పాలు ఊరడం ఆలస్యమవుతుంది, చివరికి నర్సు తెలియక అన్న మాటే నిజమై కూర్చుంటుంది.

ఆ రోజు నేను చేసింది పెద్ద వైద్యమేమీ కాదు. తల్లిని మెల్లగా ఒక పక్కకు తిప్పి, వీపు వెనక దిండు పెట్టి, బిడ్డ కాళ్లు కుట్లకు తగలకుండా పక్కనుంచి అందించాను. చనుమొనను బిడ్డ పైపెదవికి తాకించి, నోరు ఆవులించినంత వెడల్పుగా తెరిచేదాకా ఆగి, అప్పుడు దగ్గరికి హత్తించాను. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరగాలి, చనుమొన ఒక్కటే కాక చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లాలి. రెండుసార్లు జారిపోయి మూడోసారి పట్టింది. కాసేపటికి గుటక చప్పుడు వినిపించాక ఆ తల్లి ముఖం చూడాలి! దీనికంతా ఇరవై నిమిషాలు పట్టింది. ఒక్క నర్సు ముప్పై మంచాలు చూసుకునే వార్డులో ఆ ఇరవై నిమిషాలు ఎక్కడినుంచి వస్తాయన్నదే అసలు ప్రశ్న.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అయినా పుట్టిన గంటలోపు తల్లిపాలు అందినది 41.8 శాతం పిల్లలకే. కాన్పు మన చేతుల్లో జరిగినప్పుడు ఈ లోటును అత్తమామల మూఢనమ్మకాల మీదకు నెట్టలేం. అదే సర్వేలో తెలంగాణలో 97 శాతం ఆసుపత్రి కాన్పులే, మొత్తం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. వెన్నులో మత్తు ఇచ్చి చేసిన ఆపరేషన్ అయితే తల్లి మెలకువగానే ఉంటుంది; ఎవరైనా బిడ్డను పట్టుకొని ఆమె రొమ్ము దగ్గర ఉంచితే చాలు. ఆ "ఎవరైనా" ఎవరన్నది థియేటర్ సిబ్బందికీ వార్డు సిబ్బందికీ మధ్య తేలదు.

మిగతా సంరక్షణ విషయంలోనూ ఇదే తీరు. బొడ్డుకు ఏమీ రాయకుండా పొడిగా ఉంచాలని, మొదటి రోజు స్నానం వద్దని, తక్కువ బరువు బిడ్డను తల్లి ఛాతీకి చర్మం తగిలేలా కట్టి ఉంచాలని తెలిసిన నర్సులున్నారు. కుటుంబానికి విడమరిచి చెప్పే తీరికే వారికి లేదు. మొదటి రోజుల్లో బిడ్డ కాస్త బరువు తగ్గడం సహజమని చెప్పేవారు లేకనే ఎంతోమంది తల్లులు భయపడి డబ్బాకు మారుతున్నారు.

తల్లిపాలను ప్రోత్సహించేందుకు కేంద్రం 2016లో 'మా' అనే కార్యక్రమం మొదలుపెట్టి సిబ్బందికి శిక్షణ ఇమ్మంది. పాలడబ్బాల ప్రచారాన్ని, ఆరోగ్య సిబ్బందికి కంపెనీల కానుకలను నిషేధిస్తూ 1992 నుంచి చట్టమే ఉంది. ఆగస్టు మొదటి వారంలో తల్లిపాల వారోత్సవాలకు గోడలకు అంటించే పోస్టర్లతో సరిపెట్టకుండా, ప్రైవేటు ఆసుపత్రులు సహా ప్రతి కాన్పుల వార్డులోనూ నర్సులకు తల్లి మంచం దగ్గరే నేర్పి, అక్కడే పరీక్షించాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను. ప్రతి షిఫ్టులో ఒక నర్సుకు పాలు పట్టించే పని మాత్రమే అప్పగించాలి. బిడ్డ మొదటిసారి ఎన్ని గంటలకు రొమ్ము పట్టిందో, దగ్గరుండి పట్టించినది ఎవరో సంతకంతో రాసే గడి ఒకటి కేస్ షీట్‌లో చేర్చాలి.

– విశ్రాంత స్టాఫ్ నర్సు, వరంగల్