లాలాగూడ, మెట్టుగూడ ఆంగ్లో-ఇండియన్ పెద్దల తరఫున కృతజ్ఞతలు

పెర్త్, మెల్‌బోర్న్, లండన్, టొరాంటో నగరాల్లో స్థిరపడ్డ మన సికింద్రాబాద్ ఆంగ్లో-ఇండియన్ (తండ్రి వైపు యూరోపియన్ మూలాలున్న) కుటుంబాలకు, వాళ్లతో పాటు తలో చెయ్యి వేసిన తెలుగు కుటుంబాలకు, ఇక్కడ ఈ పని భుజాన వేసుకున్న ఇరుగుపొరుగుకు మా అందరి నమస్కారాలు. ఇక్కడ కష్టంలో ఉన్న ఆంగ్లో-ఇండియన్ పెద్దవాళ్లకు మీరు పోగుచేసి పంపుతున్న సహాయంలో, ఈ ఆర్థిక సంవత్సరపు చివరి వాయిదా కూడా వాళ్ల ఖాతాల్లో పడింది. ఇక్కడ ఎవరి పేరూ రాయడం లేదు. ఇచ్చినవాళ్లు వద్దన్నారు, పుచ్చుకున్నవాళ్ల పేర్లు బయటపెట్టడం మర్యాద కాదు. దాతలకు ఇంగ్లీషులో ఉత్తరాలు, లెక్కలు విడిగా వెళ్లాయి. ఇది మాత్రం తెలుగువాళ్ల కోసం. ఇంటింటికీ తిరిగే పనిలో సగం చేసింది తెలుగువాళ్లే. పైగా గుంతకల్లులోనో కాజీపేటలోనో వాల్తేరులోనో ఇలాంటి అవసరంలో ఉన్న రైల్వే కుటుంబాల కోసం ఎవరైనా పూనుకుంటే, ఈ వివరాలు వాళ్లకు పనికొస్తాయి.

"రైల్వేవాళ్లు కదా, పింఛను వస్తుంది కదా, మళ్లీ సహాయం ఎందుకు?" అని చాలామంది అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్నే. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది, 1893లో లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ మొదలైంది. డ్రైవర్లుగా, గార్డులుగా, ఫోర్‌మెన్‌గా పనిచేసిన ఆంగ్లో-ఇండియన్లు ఈ చుట్టుపక్కల ఇళ్లు కట్టుకోలేదు, క్వార్టర్లలో ఉన్నారు. రిటైరైన రోజున క్వార్టర్ ఖాళీ చేసి అద్దెకు వెళ్లారు. స్వాతంత్ర్యం తర్వాత రాజ్యాంగం 336వ అధికరణం కింద రైల్వే, కస్టమ్స్, తంతి తపాలా ఉద్యోగాల్లో వాళ్లకు కొంత వాటా ఉండేది. అది రెండేళ్లకోసారి పదోవంతు చొప్పున తగ్గుతూ పదేళ్లకు, అంటే 1960కి, పూర్తిగా ముగిసింది. ఆ తర్వాతి తరంలో చాలామంది విదేశాలకు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు స్టెనోగ్రాఫర్లుగా, ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సులుగా, చిన్న బడుల్లో టీచర్లుగా, డ్రైవర్లుగా బతికారు. ఇప్పుడు ముసలితనంలో ఉన్నది ఆ తరమే. పీఎఫ్ పింఛను ఉన్నవాళ్లకు నెలకు కనీసం 1,000 రూపాయలు. రాష్ట్ర ప్రభుత్వ ఆసరా పింఛను వస్తే 2,016. మెట్టుగూడలో ఒక గది అద్దెకే అది చాలదు. పెళ్లి చేసుకోని ఆడవాళ్లు, పిల్లలు లేని వితంతువులు అందరికంటే కష్టంలో ఉన్నారు.

శాసనసభలోనూ లోక్‌సభలోనూ వాళ్లకు ఉండే నామినేటెడ్ స్థానాలు 104వ రాజ్యాంగ సవరణతో 2020లో ఆగిపోయాయి. ఆసుపత్రి సిఫారసు ఉత్తరానికైనా, పింఛను దరఖాస్తు కదలడానికైనా తలుపు తట్టే చోటు ఒకటి తగ్గింది. ఆ లోటులో కొంత మీ వల్ల తీరుతోంది.

మీ దగ్గర డబ్బు ఎలా పోగైందో ఇక్కడి వాళ్లకు తెలియాలి, ఎందుకంటే అందులో చాలా శ్రమ ఉంది. ఆగస్టు 2న ప్రపంచ ఆంగ్లో-ఇండియన్ దినోత్సవం రోజున భోజనం, తంబోలా. క్రిస్మస్ ముందు తినుబండారాల అమ్మకం. ఏడాది పొడవునా నెలకింత అని బ్యాంకు నుంచి తనంతట తాను వెళ్లే చిన్న మొత్తాలు. భోజనం అంటే పసుపు, కొబ్బరిపాలు వేసి వండిన అన్నం, కీమా ఉండల కూర, ఎర్రగా ఘాటుగా ఉండే ఉల్లిపాయ చట్నీ. వంద మందికి 12 కిలోల బియ్యం పడతాయి. ఉండలు విరగకుండా ఉండాలంటే కడిగిన కీమాలో నీళ్లు పూర్తిగా పిండేయాలి, పులుసు మరుగుతున్నప్పుడే ఒక్కొక్కటిగా జారవిడవాలి, గట్టిపడేదాకా గరిటె పెట్టకుండా గిన్నెనే పట్టుకుని తిప్పాలి. క్రిస్మస్‌కు అమ్మే కుల్‌కుల్స్ మన గవ్వల్లాంటివి, రోజ్ కుకీలు మన గులాబీ పువ్వులే. పాకం ముదరకపోతే కుల్‌కుల్స్ ప్యాకెట్లో తేమెక్కి ఒకదానికొకటి అంటుకుపోతాయి. గులాబీ అచ్చు నూనెలో బాగా కాలాలి, పిండిలో ముప్పావు వంతే ముంచాలి. అచ్చు పూర్తిగా మునిగితే పువ్వు ఊడిరాదు. 70 దాటిన అక్కలు తెల్లవార్లూ నిలబడి వేయించిన పువ్వులు ఇక్కడ ఒకరి ఇంటి అద్దె అయ్యాయి. వాళ్ల కాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

లండన్ వాళ్లు చేసిన ఒక మంచి పని ప్రత్యేకంగా చెప్పాలి. టికెట్టు సొమ్మునూ విరాళాన్నీ మొదటి నుంచీ వేరుగా ఉంచారు. బ్రిటన్‌లో పన్ను కట్టేవాళ్లు అక్కడి ధార్మిక సంస్థకు 100 పౌండ్లు ఇచ్చి గిఫ్ట్ ఎయిడ్ పత్రం మీద సంతకం పెడితే, ప్రభుత్వం నుంచి సంస్థకు ఇంకో 25 పౌండ్లు వస్తాయి. భోజనం టికెట్టుకూ లాటరీ టికెట్టుకూ అది వర్తించదు, ఎందుకంటే బదులుగా ఏదో ఒకటి పుచ్చుకున్నట్టు లెక్క. రెండూ ఒకే డబ్బాలో కలిపేస్తే ఏది విరాళమో చూపించలేరు, పావు వంతు అదనపు సొమ్ము పోతుంది. అందుకే రెండు డబ్బాలు, రెండు రసీదు పుస్తకాలు. ఆస్ట్రేలియాలోనూ లాటరీ టికెట్టు కొన్న సొమ్ముకు పన్ను మినహాయింపు ఉండదు.

ఇక అందరూ తడబడేది డబ్బు ఇక్కడికి చేరే దారి దగ్గర. పెర్త్ నుంచి ఒకాయన ఇక్కడి స్నేహితుడి సేవింగ్స్ ఖాతాకు వేయడం, ఆయన పదిమందికి పంచడం సులువుగా కనిపిస్తుంది. అది విదేశీ విరాళాల చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) విరుద్ధం. పంపే మనిషి ఆస్ట్రేలియా పౌరుడైతే, భారత మూలం ఉన్న విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఆ డబ్బు విదేశీ విరాళమే. అలాంటి డబ్బుతో సేవా కార్యక్రమం నడపాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. నమోదు కావాలంటే సంస్థ పెట్టి మూడేళ్లు గడవాలి, ఆ మూడేళ్లలో సేవా పనుల మీద 15 లక్షల రూపాయలు ఖర్చుపెట్టి ఉండాలి. మాలాంటి చిన్న బృందానికి అది అందేది కాదు. దగ్గరి బంధువుకు పంపుకోవడం వేరు: చట్టం చెప్పే బంధుత్వం ఉంటే ఏడాదికి 10 లక్షల వరకు ప్రభుత్వానికి తెలియజేయక్కర్లేదు. కానీ మన ముసలివాళ్లలో చాలామందికి అలా పంపే బంధువే లేడు.

అందుకని నమోదు ఉన్న ఒక ధార్మిక సంస్థ ద్వారా నడిపాం. 2020 సవరణ తర్వాత విదేశీ విరాళం ముందుగా ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. అక్కడి నుంచి ఆ సంస్థ హైదరాబాద్ ఖాతాకు వస్తుంది. అదే సవరణ ప్రకారం ఒక సంస్థకు వచ్చిన విదేశీ సొమ్మును ఇంకో సంస్థకు బదలాయించకూడదు. అంటే వాళ్లు మా బృందానికి ఒక్క రూపాయి ఇవ్వడానికి లేదు, మేం అడగకూడదు. కాబట్టి మా పని అవసరం ఉన్నవాళ్లను చూసి, కాగితాలు సరిచూసి, జాబితా ఇవ్వడం వరకే. డబ్బు సంస్థ ఖాతా నుంచి నేరుగా ముసలావిడ ఖాతాకు వెళ్తుంది. నిర్వహణ ఖర్చు 20 శాతం దాటకూడదని చట్టం. మన విషయంలో ఆ సంస్థవాళ్లు లెక్క రాసే ఖర్చు కూడా వేసుకోలేదు. ఏడాది లెక్కల ఎఫ్‌సీ-4 పత్రం మార్చి ముగిశాక తొమ్మిది నెలల్లోగా, అంటే డిసెంబరు 31లోగా, దాఖలు చేసే బాధ్యత కూడా వాళ్లదే. ఆ కార్యాలయంలో పనిచేసే ప్రతి ఒక్కరికీ పేరుపేరునా ధన్యవాదాలు.

ఇంకా భారత పాస్‌పోర్టుతోనే ఉన్న తెలుగువాళ్లు గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి ఇచ్చింది ఈ లెక్కలోకి రాదు. తమ సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అయితే పాస్‌పోర్టు నకలు రసీదుకు జత చేసి ఉంచాలి, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి. ఆ సొమ్ము విదేశీ విరాళాల ఖాతాలో పొరపాటున కూడా కలవకూడదు.

బ్యాంకు ఖర్చుల మాట. యాభై మంది యాభై సార్లు పంపితే ప్రతిసారీ అక్కడి బ్యాంకు, మధ్యలో ఉండే బ్యాంకు, ఇక్కడి బ్యాంకు తలా కొంత కోసుకుంటాయి. చిన్న మొత్తమైతే ఆ కోతే ఎక్కువ కనిపిస్తుంది. మీరు అందరి సొమ్మూ ఒక చోట చేర్చి మూడు నెలలకోసారి ఒకే దఫాగా పంపారు, ఖర్చులన్నీ పంపేవాళ్లే భరించేలా ఎంచుకున్నారు. దానివల్ల మీరు చెప్పిన అంకె, ఇక్కడ పడిన అంకె దాదాపు ఒక్కటే అయ్యాయి. పంపేటప్పుడు ధార్మిక సంస్థకు విరాళమని తెలిపే పి1303 కోడ్ రాయించడం కూడా మరవలేదు. పొరపాటున కుటుంబ పోషణ కోడ్ పడితే బ్యాంకు ప్రశ్నలు అడుగుతుంది, ఆ సొమ్ము వారాల తరబడి నిలిచిపోతుంది.

ఇక్కడ మాకు ఎక్కువ సమయం పట్టింది పేర్ల దగ్గర. డిసౌజా, డిక్రూజ్ లాంటి ఇంటిపేర్లలో ఇంగ్లీషులో పైన ఒక చిన్న కొక్కెం గుర్తు ఉంటుంది. ఆధార్‌లో అది ఉండదు, బ్యాంకు పుస్తకంలో ఖాళీ ఉంటుంది, జ్ఞానస్నానం పత్రంలో గుర్తు ఉంటుంది. ఆడవాళ్లకైతే పుట్టింటి పేరు ఒకచోట, అత్తింటి పేరు ఒకచోట. మూడూ కలవకపోతే చెల్లింపు వెనక్కి వస్తుంది. ముందుగా ఆధార్‌లో ఎలా ఉందో బ్యాంకులోనూ అలాగే మార్పించాం, మిగతా కాగితాలు తర్వాత. 1969 జనన మరణ నమోదు చట్టానికి ముందు పుట్టినవాళ్లలో చాలామందికి మునిసిపల్ జనన పత్రం లేదు. చర్చి రిజిస్టరు నకలే ఆధారం. పాత రిజిస్టర్లు ఓపికగా వెతికి నకళ్లు రాసిచ్చిన ఫాదర్లకు, చర్చి గుమాస్తాలకు మేం రుణపడి ఉన్నాం. వేలిముద్రలు అరిగిపోయినవాళ్లకు కంటిపాపతో గానీ ముఖంతో గానీ ధ్రువీకరణ చేయించాలి. ముందే అడగకపోతే "ముద్ర పడటం లేదు" అని పంపేస్తారు.

ఖాతా ఒంటరిగా పెద్దావిడ పేరునే ఉండాలని పట్టుబట్టాం. మేనల్లుడితోనో ఇంటి యజమానితోనో ఉమ్మడి ఖాతా అయితే డబ్బు ఎవరు తీస్తున్నారో తెలియదు. కనీస నిల్వ అవసరం లేని ఖాతా మేలు, నెలకు నాలుగుసార్లు ఉచితంగా తీసుకోవచ్చు, అది చాలు. ఆరు నెలలకోసారి ఇంటికి వెళ్లి మనిషిని చూసి, ఆ రోజు దినపత్రిక పట్టుకుని ఉన్న ఫోటో తీసి సంస్థకు పంపుతాం. పోయినవాళ్ల ఖాతాలోకి డబ్బు వెళ్లకుండా అదొక్కటే కట్టుదిట్టం.

అందరికీ సహాయం నెల నెలా డబ్బు రూపంలోనే ఖాతాకు వెళ్లింది. సరుకుల సంచి మనసుకు నచ్చే సహాయమే గానీ, పళ్లు లేని మనిషికి కావలసింది ఓట్స్, పాలు, గుడ్లు. పది కిలోల బియ్యం కాదు. ఎవరి అవసరం వాళ్లకే తెలుసు. మంచం పట్టినవాళ్లకు మాత్రం వస్తువు రూపంలోనే వెళ్లింది. రోజుకు మూడు డైపర్లు, అంటే నెలకు తొంభై. పదేసి ఉండే ప్యాకెట్లు తొమ్మిది. నడుము కొలత చూడకుండా పెద్ద సైజు కొంటే పక్కల నుంచి కారి ఒళ్లు ఒరుస్తుంది. చక్కెర, బీపీ మందులు జన ఔషధి దుకాణంలో కొంటే బ్రాండ్ మందుల ధరలో సగం కూడా కాదు. తెరిచిన ఇన్సులిన్ సీసా సాధారణంగా 28 రోజులే వాడాలి. ఫ్రిజ్ లేని ఇళ్లకు మే నెలలో మట్టికుండలు ఇచ్చాం, సీసాను పొడి డబ్బాలో పెట్టి ఆ డబ్బాను తడి కుండలో ఉంచాలి.

కంటి శుక్లాల ఆపరేషన్‌కు మీ డబ్బు పెద్దగా పట్టలేదు. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కట్టలేనివాళ్లకు ఉచితంగానే చేస్తారు. ఖర్చు అయ్యేది రానుపోను ఆటోకు, తర్వాత వారాల తరబడి చుక్కలు వేసే మనిషికి. ఒంటరిగా ఉండేవాళ్లు ఆపరేషన్ వాయిదా వేసుకునేది ఈ చుక్కల కోసమే. మీరు "ఫలానా దానికే వాడాలి" అని కట్టడి చేయకుండా కొంత సొమ్ము వదిలారు చూడండి, అది సరిగ్గా ఇక్కడే పనికొచ్చింది.

అంత్యక్రియలకు కూడా అందులోంచే. సమాధుల తోటల్లో కొత్త చోటు దొరకడం కష్టం. కుటుంబ సమాధి ఉంటే దాన్నే మళ్లీ తవ్వాలి, దానికి పాత రసీదు గానీ చర్చి ఉత్తరం గానీ కావాలి. శవపేటిక, తవ్వేవాళ్ల కూలి, బండి అద్దె ఆ రోజే చెల్లించాలి కాబట్టి సంస్థ ఆ సొమ్మును విడిగా సిద్ధంగా ఉంచింది. దిక్కులేకుండా పోతామేమోనన్న బెంగ చాలామంది పెద్దవాళ్లను రాత్రిళ్లు నిద్రపోనివ్వదు. ఆ బెంగ తీర్చినందుకు మీకు చేతులెత్తి మొక్కుతున్నాం.

మీరు చదివిస్తున్న పిల్లల బడి ఫీజులు నేరుగా బడి ఖాతాకే వెళ్లాయి, రసీదులు మీకు చేరాయి.

ఈ దారిలో మాకంటే ముందు నడిచినవాళ్లున్నారు. న్యూజెర్సీలో బ్లెయిర్ విలియమ్స్ మొదలుపెట్టిన కల్కత్తా తిల్‌జలా రిలీఫ్ సంస్థ ఎన్నో ఏళ్లుగా పెద్దవాళ్లకు నెలసరి పింఛను, పిల్లలకు చదువు ఖర్చు ఇస్తోంది, ఆంగ్లో-ఇండియన్ల గురించి పుస్తకాలు వేసి అమ్మిన డబ్బూ అందుకే వాడుతోంది. నెల నెలా క్రమం తప్పకుండా ఇవ్వాలన్న పద్ధతికి ఆ సంస్థే మాకు ఆదర్శం.

అప్పటికప్పుడు డబ్బు అడగకుండా మందులిచ్చి నెలాఖరున బిల్లు పంపిన మెడికల్ షాపు అన్నకు, వీల్‌చైర్ ఎక్కించడానికి మీటరు చూడని ఆటో తమ్ముళ్లకు, బ్యాంకు కౌంటర్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఫారం నింపిన చెల్లెళ్లకు, రోజూ సాయంత్రం పక్కింటి ఆంటీ తలుపు తట్టి "తిన్నారా?" అని అడిగే మెట్టుగూడ ఆడపడుచులకు ధన్యవాదాలు. విదేశాల నుంచి ఇచ్చిన పెద్దలారా, వచ్చే ఏడాది తొలి వాయిదా ఏప్రిల్‌లో పంపాలనుకుంటే, జాబితా సరిచూసే పని ఫిబ్రవరిలోనే మొదలవుతుంది. మీకు తెలిసిన పెద్దవాళ్లు ఇల్లు మారినా, ఆసుపత్రిలో చేరినా, ఖాతా ఆగిపోయినా ముందుగా మాకు కబురు చేయండి.