ఊదా లాంటానా కొన్నవాళ్లందరికీ

మొన్న వానకాలంలో మా నర్సరీలో ఊదా పూల లాంటానా కొన్నవాళ్లు ఇది తప్పక చదవండి. నేనిచ్చిన 120 కవర్లలో చాలావరకు ఆ మొక్క కాదు.

రాళ్ల తోటకని మీరు అడిగింది నేల మీద పాకే రకం. దక్షిణ అమెరికా మొక్క, మోకాలి ఎత్తు దాటదు, ముళ్లుండవు, పాలమూరు ఎండల్లో గుండ్ల మధ్య కొద్దిపాటి నీళ్లతోనే బతుకుతుంది. నాకు వచ్చింది మామూలు లాంటానా, పులికంప అంటారే, అది. పూత లేని చిన్న మొక్కలు కావడంతో దించుకున్నప్పుడు పట్టుకోలేకపోయాను. దసరాకు పసుపు, గులాబీ పూలు పూశాయని జడ్చర్ల నుంచి ఒక టీచరమ్మ ఫోటో పంపారు. కాండం మీద ముళ్లు చూడగానే గుండె జారిపోయింది.

పదకొండేళ్లుగా మొక్కలు పంపుతున్న మనిషికి ఫోన్ చేస్తే, "లాంటానా అన్నవు, లాంటానే పంపిన. పూలు పూస్తున్నయి కదా" అన్నాడు. ఊదా రకమే కావాలని నేను పెట్టిన మెసేజ్ ఇంకా ఫోన్‌లోనే ఉంది. పోయిన డబ్బు కంటే ఆ మాటే ఎక్కువ బాధపెట్టింది. ఇక ఆయన దగ్గర ఒక్క మొక్క కూడా కొనను.

మూడు రాత్రులు నిద్ర లేదు. "అడిగినవాళ్లకు మార్చిద్దాం, మిగతావాళ్లకు చెప్పడమెందుకు" అంది మా ఆవిడ. కొందరికి ఆ పూలే నచ్చాయి కూడా. కానీ 1800ల మొదట్లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు ఈ మొక్కను తెచ్చింది కూడా అందం కోసమే. పిట్టలు దాని నల్ల పండ్లు తిని విత్తనాలు వేశాయి, ఇప్పుడు నల్లమలలోనూ పొదలే. ఆకు మేస్తే గొర్రెలకు, పశువులకు కాలేయం చెడుతుంది, ఎండ తగిలితే చర్మం పుండ్లు పడుతుంది. మన దగ్గర మందలు ఇళ్ల ముందు నుంచే పోతాయి. నేనమ్మిన మొక్క తిని ఒక గొర్రె చచ్చినా నేను తట్టుకోలేను.

అందుకే నచ్చినా సరే, తెచ్చిచ్చేయండి. మొత్తం డబ్బు ఇస్తాను, బిల్లు అక్కర్లేదు. రాలేనివాళ్లు ఫోన్ చేస్తే నేనే వచ్చి వేళ్లతో సహా తీసుకెళ్తాను. పీకి రోడ్డు పక్కన మాత్రం వేయకండి.

నా దగ్గర అసలు ఊదా రకం తల్లి మొక్కలు ఆరున్నాయి, కటింగ్స్ పెట్టాను. బయట కొని వారంలో ఇవ్వొచ్చు, కానీ ఇవ్వను. ఉగాది దాకా ఆగండి. ఒక్కో కవర్‌లో పూత మీరే చూసి తీసుకెళ్లండి. దాన్ని కూడా మేకలకు అందకుండా నాటుకోండి.