ముందు షెడ్డు, తర్వాతే కుమ్మరి సారె

కుమ్మరి అన్నలకు, అక్కలకు నమస్కారం. చేతివృత్తులవాళ్లకు కేంద్రం ఇచ్చే పీఎం విశ్వకర్మ అప్పులో మొదటి విడత లక్ష చేతికొస్తే ఏం కొనాలని చాలామంది అడుగుతున్నారు. నా మాట వింటే ముందు పైకప్పు వేసుకోండి. మన నెల్లూరు వైపు వానలు గట్టిగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. దీపావళికి, కార్తీకానికి ప్రమిదలు అడిగేదీ అప్పుడే. పచ్చి సరుకు తడిసిందంటే మళ్లీ మట్టే. రేకులు ఎత్తుగా వేసి, రెండు పక్కలా గాలి ఆడనివ్వండి. ఎండ మాత్రం నేరుగా తగలకూడదు, ఒక పక్క తొందరగా ఆరి అంచు బీటలిస్తుంది.

కరెంటు సారె, అంటే కుండలు చేసే చక్రం, కొనేటప్పుడు ఖాళీగా తిప్పి చూపిస్తే నమ్మొద్దు. మన మట్టి ముద్ద తీసుకెళ్లి, నడుమ పెట్టి, రెండు చేతులా గట్టిగా నొక్కండి. వేగం పడిపోతే ఆ మోటారు కుండలకు పనికిరాదు. కూర్చునే పీట సారెకు దాదాపు సమానంగా ఉంటే నడుముకు సుఖం. తడి చేతుల పని కదా, ఎర్తింగ్ లేకుండా స్విచ్ వేయొద్దు, పిల్లలు తిరిగే చోటు.

అదే పథకంలో పనిముట్లకిచ్చే 15,000 రూపాయల వోచరు అప్పు కాదు. లక్షకు మాత్రం 5 శాతం వడ్డీ, 18 నెలల్లో కట్టాలి. షెడ్డు కొలతలు కావాల్సినవాళ్లు ఇక్కడే అడగండి, పంపిస్తా.