2024–25 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి సమర్పించినది

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ఆదివారం పనులు మానుకుని వచ్చిన సభ్యులందరికీ నమస్కారాలు. గత సర్వసభ్య సమావేశం తరువాత మన ప్రోగ్రామర్ల సంఘం చేసిన పనులను నియమావళి ప్రకారం మీ ముందు ఉంచుతున్నాను. సంఘం ఆశయాలు మీ అందరికీ తెలిసినవే కనుక నేరుగా పనుల్లోకి వస్తాను.

ముందుగా కృతజ్ఞతలు. నెలవారీ సమావేశాలకు పై అంతస్తులోని హాలును ఉచితంగా ఇచ్చిన గ్రంథాలయాధికారి గారికి, కరెంటు పోయిన ప్రతిసారీ విసుక్కోకుండా జనరేటరు వేసిన అక్కడి సిబ్బందికి, తాము వాడి పక్కన పెట్టిన ల్యాప్‌టాప్‌లను విద్యార్థుల కోసం ఇచ్చిన సభ్యులకు, వాటిని తుడిచి, మెమరీ పెంచి, డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి ఇచ్చిన ఇద్దరు యువ సభ్యులకు, విదేశాల నుంచి తమ రాత్రి వేళల్లో మేల్కొని ఆన్‌లైన్ తరగతులు చెప్పిన మన పూర్వ సభ్యులకు సంఘం తరఫున ధన్యవాదాలు. చెప్పిన వేళకు టీ పంపిన ఎదురు వీధి హోటలు యజమానికి కూడా ఈ నివేదికలో చోటు ఇవ్వడం న్యాయం.

ఈ ఏడాది సంఘం గర్వంగా చెప్పుకోవలసిన కార్యక్రమం కంప్యూటర్ తెలుగు రాతను దాచుకునే తీరుపై డిగ్రీ, పాలిటెక్నిక్ విద్యార్థుల కోసం నిర్వహించిన రెండు రోజుల కార్యశాల. ప్రోగ్రామింగ్ నేర్పే తరగతుల్లో ఉదాహరణలన్నీ ఇంగ్లీషు అక్షరాలతోనే ఉంటాయి కనుక, కంప్యూటర్‌కు ఒక అక్షరమంటే ఒక సంకేతమేనన్న అభిప్రాయం విద్యార్థుల్లో స్థిరపడిపోతోంది. దాన్ని సరిచేయడానికి మన బోధకులు మొదటి గంటలోనే ‘స్త్రీ’ అనే మాట ఇచ్చి, దాని పొడవెంతో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను అడగమన్నారు. కంటికి ఒక్కటిగా కనిపించే ఆ అక్షరానికి పైథాన్ 6 అని జవాబిచ్చింది. మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘం కలిసి, ప్రపంచ లిపులకు సంకేతాలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో ఆరు సంకేతాలని, వాటిని యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాస్తే ఒక్కొక్కదానికి మూడు చొప్పున 18 బైట్లు పడతాయని బోర్డు మీద విడదీసి చూపించారు. అదే మాటను తిరగేసి రాయమంటే, ఆధారం లేని గుడిదీర్ఘం ఒక చుక్కల వలయం మీద ముందు నిలబడి, దాని వెనుక ‘ర్త్స’ అని వచ్చింది. అప్పటివరకు వెనుక బెంచీల్లో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలు కూడా తమ పేర్లు తిరగేసి చూసుకోవడం మొదలుపెట్టారు.

అక్కడి నుంచి చర్చ దానంతటదే లోతుకు వెళ్లింది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ను ఒక ప్రత్యేక సంకేత క్రమంలో రాసి పంపితే ఐఫోన్లలో సందేశాల యాప్‌లు కూలిపోయిన సంగతిని, దాన్ని ఐఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన ఐఓఎస్ 11.2.6తో సరిచేసిన సంగతిని వివరించారు. సంయుక్తాక్షరాన్ని మధ్యలో విరవకూడదన్న నియమం తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు యూనికోడ్ అక్షర విభజన ప్రమాణంలో 2023లో, 15.1 సంచికతో మాత్రమే చేరిందని కూడా చెప్పారు. అంతకు ముందు ఆ ప్రమాణాన్ని యథాతథంగా పాటించిన ప్రోగ్రాము ‘స్త్రీ’ని మూడు ముక్కలుగా లెక్కించేది. మన లిపికి సంబంధించిన పని ఇంకా మిగిలి ఉందని, అందులో తామూ చేయి వేయవచ్చని విద్యార్థులకు ఇంత స్పష్టంగా చెప్పగలిగిన కార్యక్రమాన్ని మనం ఇదివరకు చేయలేదు.

రెండో రోజు, కోడ్‌లో చేసిన మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ అనే సాధనాన్ని నేర్పించాము. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్‌ను రాసే బృందం వాడుతున్న బిట్‌కీపర్ అనే అటువంటి సాధనం ఉచిత వాడకం ఆగిపోవడంతో 2005లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ గిట్‌ను రాయవలసి వచ్చిందన్న కథతో మొదలుపెట్టడం వల్ల కమిట్ (మార్పును నమోదు చేయడం), బ్రాంచ్ (వేరు పాయ తీయడం), మెర్జ్ (పాయలను కలపడం) అన్నవి బట్టీ పట్టవలసిన ఆజ్ఞలుగా కాక ఒక అవసరంలోంచి పుట్టిన పనిముట్లుగా వారికి అర్థమయ్యాయి. కార్యశాల ముగిసిన కొన్ని వారాలకు, అందులో పాల్గొన్న ఒక పాలిటెక్నిక్ విద్యార్థిని ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తెలుగు అనువాదంలోని తప్పులను సరిదిద్ది పంపింది. ఆ సాఫ్ట్‌వేర్ నిర్వాహకులు రెండుసార్లు మార్పులు అడిగినా ఓపికగా చేసి ఆమోదింపజేసుకుంది. ఈ సమావేశంలో ఆ అమ్మాయిని సత్కరిస్తున్నాము.

ఇక చర్చావేదిక మార్పు. కొన్నేళ్లుగా మన ప్రశ్నోత్తరాలన్నీ ఫోను గ్రూపులోనే సాగాయి. అక్కడ అనుభవజ్ఞులు ఎంతో శ్రమపడి రాసిన జవాబులు శుభోదయం బొమ్మల కింద పూడిపోయేవి. కొత్తగా చేరినవారికి పాత చర్చ కనిపించదు కనుక అదే ప్రశ్న నెలనెలా వచ్చేది. అందువల్ల డిస్కోర్స్ అనే చర్చావేదిక సాఫ్ట్‌వేర్‌ను మన సొంత సర్వరు మీద నెలకొల్పాము. ఫోనులో ఉన్న సౌకర్యం పోతుందని కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. వారి మాటలో నిజముంది కనుక తక్షణ సంభాషణకు గ్రూపును అలాగే ఉంచాము. అయితే 2021లో ఫ్రీనోడ్ అనే ఆన్‌లైన్ చర్చల నెట్‌వర్క్ యాజమాన్యం చేతులు మారినప్పుడు ఎన్నో సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు రోజుల వ్యవధిలో లిబెరా.చాట్ అనే కొత్త నెట్‌వర్క్‌కు తరలిపోవలసి వచ్చిన అనుభవం మన కళ్లముందే ఉంది. మన చర్చల నకలు మన చేతిలో ఉండాలన్నది కార్యవర్గం ఏకగ్రీవ అభిప్రాయం.

కృత్రిమ మేధ ఇచ్చే జవాబులపై రెండు నెలవారీ సమావేశాల్లో వాదోపవాదాలు జరిగాయి. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో 2022 డిసెంబరులోనే అటువంటి జవాబులను నిషేధించింది. మనం అంతదూరం వెళ్లలేదు. యంత్రం ఇచ్చిన కోడ్‌ను వేదికపై పెట్టేవారు దాన్ని స్వయంగా నడిపి చూసి, ఆ సంగతి రాసి మరీ పెట్టాలని నియమం చేశాము. ఎర్రర్ సందేశం చదవకుండానే యంత్రాన్ని అడిగే అలవాటు కొత్తవారి చదువుకు చేటు చేస్తోందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కొన్ని మాటలు బాధతోనే చెప్పవలసి ఉంది. వేదిక నిర్వహణకు పేర్లిచ్చిన సభ్యుల్లో ఎక్కువమంది మొదటి నెల తరువాత కనిపించలేదు. బ్యాకప్‌లు, తాజాకరణలు, అనుచిత వ్యాఖ్యల తొలగింపు అన్నీ ఒక్క సభ్యుడి మీదే పడ్డాయి. ఆయన ఇంట్లో శుభకార్యం జరిగిన వారంలో కూడా సర్వరు ఆయనే చూసుకున్నారు. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఉదంతంపై మనం ఒక సాయంత్రమంతా చర్చించాము. ఒంటరిగా అలసిపోయిన నిర్వాహకుడికి సాయం చేస్తానంటూ వచ్చినవాడే అందులో దొంగదారి పెట్టాడని, లాగిన్‌లో అర సెకను ఆలస్యాన్ని అనుమానించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ 2024 మార్చిలో దాన్ని బయటపెట్టాడని అందరం ఆసక్తిగా విన్నాము. ఆ సాయంత్రం తలలూపినవారిలో ఒక్కరైనా మరునాడు మన నిర్వాహకుడికి ఫోను చేసి ఉంటే బాగుండేది. అలాగే కార్యశాలకు కంప్యూటర్ ల్యాబు ఇస్తామని మాట ఇచ్చిన ఒక కళాశాల వారు చివరి వారంలో కాదన్నారు. విద్యార్థులకు ఉచిత ఇంటర్నెట్ కోరుతూ సంబంధిత కార్యాలయానికి ఇచ్చిన వినతిపత్రానికి, పలుమార్లు తిరిగినా, రసీదు తప్ప సమాధానం రాలేదు.

ఆదాయ వ్యయాల పట్టిక మీ చేతుల్లోని ప్రతిలో జతచేయబడింది. సర్వరు అద్దె, డొమైన్ రుసుము, కార్యశాల భోజనాలు ప్రధాన ఖర్చులు. సందేహాలకు కోశాధికారి గారు జవాబిస్తారు.

వేదిక నిర్వహణను కనీసం నలుగురు సభ్యులు వారాల వారీగా పంచుకోవాలని, వరుసగా మూడుసార్లు తమ వంతు పని తప్పిన వారి స్థానంలో వేరొకరిని నియమించే అధికారం కార్యవర్గానికి ఉండాలని ఒక తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. దీనిపై చర్చించి ఓటు వేయవలసిందిగా, నిర్వహణకు ముందుకు వచ్చేవారు ఈ రోజే సంతకం చేయవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి